ఊపిరి పీల్చినా టేపు కదలలేదు

2009 చలికాలంలో ఒక ఉదయం, హైదరాబాద్ అశోక్‌నగర్ గదిలో మంచం దిగబోతే నడుము బిగుసుకుపోయింది. గోడ పట్టుకుని లేచాను. చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచేసరికి సర్దుకుంది.

అప్పుడు నేను ఎస్సై ఉద్యోగానికి చదువుతున్నాను. ఆ లైబ్రరీ రీడింగ్ రూంలో కుర్చీ దొరకడమే గగనం. పొద్దున్నే తువ్వాలు వేసి పట్టుకున్న కుర్చీని వదిలి అరగంట తిరిగొస్తే, తువ్వాలు నేల మీద, ఇంకొకడు కుర్చీలో. అందుకే గంటల తరబడి లేచేవాణ్ణి కాదు. నొప్పి ఆ కుర్చీ వల్లే అనుకున్నాను. అక్కడ నడుము నొప్పి లేనివాడెవడు?

నా గదిలో ఉండే మల్లేశన్న నాకంటే సీనియర్. "గింత దానికి పరేషాన్ ఎందుకురా? పది రోజులు పండుకో, తక్కువైతది" అన్నాడు. పడుకున్నాను. పదో రోజు చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి కూడా వంగలేకపోయాను. ఫిజికల్ టెస్ట్ కోసం రోజూ చేసే పరుగు మళ్లీ మొదలుపెడితే తేలికైంది.

డాక్టర్ దగ్గరికి మాత్రం పోలేదు. "కాగితం మీద ఏమన్న రాస్తే రేపు మెడికల్‌ల అన్‌ఫిట్ చేస్తరు" అని మల్లేశన్న అన్నాడు. మా అందరి భయమూ అదే. మూడేళ్లు పెయిన్ కిల్లర్స్ మింగి దాచాను. ఎవరిని మోసం చేశానో తర్వాత తెలిసింది.

2012లో ఫిజికల్ టెస్ట్. పరుగు నెగ్గాను. ఎత్తు సరిపోయింది. చివరికి ఛాతీ కొలత. ఊపిరి పీల్చినప్పుడు అయిదు సెంటీమీటర్లు పెరగాలి. కానిస్టేబుల్ టేపు చుట్టి "గుంజు తమ్మీ, నిండుగ గుంజు" అన్నాడు.

"గుంజిన సార్."

"ఏడ గుంజినవ్? టేపు కదుల్తలేదు."

పాపం, మూడుసార్లు అవకాశం ఇచ్చాడు. అయిదు సెంటీమీటర్లు రాలేదు, పక్కన పెట్టేశారు. ఆ రోజు గ్రౌండ్ బయట కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాతే నారాయణగూడలో rheumatologist, అంటే కీళ్ల జబ్బులు చూసే డాక్టరమ్మను కలిశాను. ఎక్స్‌రే, MRI, HLA-B27 రక్తపరీక్ష అన్నీ చేయించారు. జబ్బు పేరు Ankylosing Spondylitis, వెన్ను కీళ్లు వాచి మెల్లగా అతుక్కుపోయే జబ్బు. ప్లాస్టిక్ వెన్నెముక చేతిలో పట్టుకుని చెప్పారు.

"వెన్నుల జాయింట్లన్నీ ఒక్క తీరుగ ఉండవు బాబూ. ముందట ఎముకల నడుమ డిస్క్ ఉంటది, అది కొంచెం కొంచెమే కదులుతది. ఎనుక జంటగ facet joints, ఒకదాని మీద ఒకటి జారుతయ్. తల అటూ ఇటూ తిప్పుడు ఎక్కువగ మెడల మీది రెండు ఎముకల పని. గీ కింద, వెన్ను తుంటితోని కలిసేకాడ, sacroiliac joint కదిలేదే తక్కువ, నీకు రోగం ఇక్కడనే మొదలైంది. పక్కటెముకలకు గూడ ఎనుక జాయింట్లుంటయ్. ఊపిరి పీలిస్తే అవి లేవాలె. నీయి లేస్తలేవు."

"మందులేసుకుంటే మళ్ల లేస్తయా మేడం?"

"అతుక్కున్నది ఇడదియ్యలేం. మిగిలింది కాపాడుకోవాలె."

"మూడేండ్ల కింద వచ్చి ఉంటే?"

ఆమె ఆ ప్లాస్టిక్ బొమ్మను బల్ల మీద పెట్టేశారు. "కాపాడుకునేది చాన ఉండేది" అన్నారు.

మందులు కడుపుకు పడలేదు. ఒకసారి కన్ను ఎర్రబడి చూపు మసకేసింది. అదీ ఈ జబ్బేనన్నారు. ఫిజియోథెరపీ చేసిన వారం బాగుండేది, మానేసిన వారం మళ్లీ మొదటికే. బతకాలనిపించని రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు దాచడం ఎందుకు?

ఇప్పుడు 2014. ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతున్నాను, అదీ నిలబడి. మెడ తిరగదు. మొన్న నారాయణగూడలో వెనకనుంచి ఎవరో పిలిచారు. ఒళ్లంతా తిప్పుకుని చూసేసరికి ఎదురుగా మల్లేశన్న, ఎస్సై యూనిఫాంలో. "ఏందిరా, పిలిస్తే చూడవ్?" అని నవ్వాడు. చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది. తప్పు అతనిది కాదు, పరీక్ష కోసం నొప్పి దాచింది నేను.

నాలాగా చదువుకుంటున్న తమ్ముళ్లకు ఒక్కటే మాట. పొద్దున లేవగానే నడుము అరగంటకు మించి బిగుసుకుని, తిరిగితే తగ్గుతుంటే, అలా నెలలు గడుస్తుంటే, పడుకోకండి, దాచకండి, rheumatologist దగ్గరికి వెళ్లండి. మధ్యమధ్యలో కుర్చీ వదిలి లేచి నడవండి. మీ తువ్వాలు ఎవడైనా తీసి కింద పడేస్తే, వంగి తీసుకోగలిగే నడుము మీకింకా ఉంది.