చేతులు గీయడం రాని పెయింటరన్న

మొగుళ్లపల్లిలో దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరన్నకు బొమ్మల్లో చేతులు గీయడం వచ్చేది కాదు. శాలువా కిందో వీపు వెనకో దాచేసేవాడు. పటేలు, అదే మా ఊరి భూస్వామి, తను వేయించుకున్న బొమ్మ చూసి నడిబజార్లో అతన్ని కడిగేశాడు.

"చేతులు గియ్యరానోడివి నువ్వేం పెయింటర్‌వురా? పోయి సున్నం కొట్టుకో!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆ రోజు నుంచి అతని జేబులో సిగరెట్ అట్టలూ పెన్సిల్ ముక్కా ఉండేవి. "అన్నా, జర చెయ్యి కదపకు" అంటూ చాయ్ పోసే చేతులు, మిర్చి ఏరే చేతులు గీసుకునేవాడు. నేర్పేవాళ్లెవరూ లేరు. నాలుగేళ్లు ఆ కసే నేర్పింది.

తెలంగాణ ఉద్యమంలో ఊరంతా రోడ్డెక్కితే పటేలు తలుపులేసుకుని కూర్చున్నాడు. రాష్ట్రం వస్తుందని ఖాయమయ్యాక సిగ్గులేకుండా బయటికొచ్చి, బస్టాండు గోడ మీద ఉద్యమం బొమ్మ వేయమని పెయింటరన్నకే చెప్పాడు. ముందు వరుసలో తనే ఉండాలట.

గోడ నిండా పిడికిళ్లు లేచాయి. వేలు తెగిన హమాలీ ఒకడు అందులో తన చేతిని గుర్తుపట్టి కళ్లు తుడుచుకున్నాడు. బొమ్మలో ముందు వరుసలో ఉన్న పటేలు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నా చేతులు యాడున్నయిరా?"

పెయింటరన్న తాపీగా కుంచె తుడుచుకున్నాడు.

"సూసింది సూసినట్టు గియ్య నేర్చుకున్న పటేలా. నీ చెయ్యి లేవంగ నేనెన్నడు సూడలే."

మళ్లీ అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.