ఎర్ర డ్రమ్ములో కుడితి

మా వైపు వాన రెండు రోజులు తెరిపి ఇచ్చింది. ఊడ్పులు అయిపోయాయి. అదే రోజు మా చిన్నాన్న కూతురు పార్వతి భిలాయి నుంచి ఫోన్ చేసింది. ఆవు ఈని నాలుగు రోజులైందట. దూడను దగ్గరకు రానివ్వకుండా కుమ్మేస్తోందట. లారీ మాట్లాడి రెండింటినీ మా దొడ్డికి తోలుకుపొమ్మంది. సాయంత్రం విజయనగరంలో బండి ఎక్కితే రాయగడ మీదుగా పొద్దున్నకి రాయ్‌పూర్. అక్కడి నుంచి లోకల్ బండిలో గంట లోపే భిలాయి పవర్‌హౌస్ స్టేషన్. పార్వతి వాళ్ళుండే క్యాంప్ 1కి నడిచిపోవచ్చు, కానీ సామాను ఉంది కాబట్టి యాభై రూపాయలకి ఆటో మాట్లాడాను. పార్వతి ఇల్లు అనగానే డ్రైవర్ నవ్వాడు. "పాగల్ గాయ్‌వాలీ దీదీ?" పిచ్చి ఆవు అక్కే అన్నమాట.

సందు చివర రేకుల పాక. ఆవు కట్టుగొయ్య చుట్టూ ఎడమకే తిరుగుతోంది. మూల కుడితి తొట్టి, దాని పక్కన దూడ. తొట్టి అంచును నాకుతోంది.

"సూడు బావా, ఇప్పితే ఇల్లు తెలీదు దీనికి. ఈ సందులోనే పెరిగింది," అన్నాడు పార్వతి మొగుడు అప్పారావు. ముందురోజు కొమ్ము తగిలి అతని కుడి చెయ్యి లేవడం లేదు.

"పెయ్యప్పుడు ఎలా ఉండేది?"

"ఓసారి పళ్ళు కొరికి, గింగిరాలు తిరిగి పడిపోయింది. బతికింది గదాని ఊరుకున్నాం."

పదకొండింటికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆవును కాసేపు చూసి, తొట్టి దగ్గర ఆగింది. అది సగానికి కోసిన ఇనప డ్రమ్ము. లోపల పాత ఎర్ర రంగు. నాలుక అందినంత మేర రంగు లేదు, ఇనుము మెరుస్తోంది. అందులో సీసం ఉండొచ్చని హిందీలో చెప్పింది. దూడప్పుడు ఒంట్లోకి పోతే మెదడు దెబ్బతింటుంది, బతికిన పశువు పెద్దయ్యాక ఇలా మారవచ్చు, రక్తం పరీక్ష చేయించకుండా ఖాయంగా చెప్పలేనంది. అప్పటిదాకా ఈ పాలు దూడా తాగకూడదు, ఇంట్లోవాళ్ళూ తాగకూడదు.

"డ్రమ్ము ఎవరు కోశారు?"

"మా అన్నే, మేడమ్," అంది పార్వతి. "పాత ఇనప సామాన్ల కబాడీ కొట్టులోంచి తెచ్చి కోసేడు. గృహప్రవేశానికొచ్చి ఊరికే కూకోలేడు గదా. ఏటలా సూత్తావు అన్నయ్యా, నువ్వు కాదేటి?"

నేనే. నాలుగేళ్ళ కిందట.

దూడను వెంటనే బయటికి తేవాలి. దారికి అడ్డం ఆవు.

"ఉండు బావా. ఎనక్కి తిరిగినప్పుడు దూరు," అన్నాడు అప్పారావు. రెండు చుట్లు చూశాను. మూడో చుట్టుకి లోపలికి వెళ్ళి, దూడ తాడు కోసి, ఎత్తుకున్నాను. గుమ్మం దాటుతుండగా కొమ్ము డ్రమ్ముకు తగిలిన చప్పుడైంది. దూడ ఒళ్ళంతా వణుకుతోంది.

నాలుగేళ్ళూ ఆ ఆవుకు పొగరన్నారు, పిచ్చన్నారు. ఫోన్లో విని నేనూ నవ్వాను. రక్తం రిపోర్టు ఏం వచ్చినా ఆ రంగు నాకింది అదే, డ్రమ్ము కోసింది నేనే. పశువు కోసం దూరం వెళ్ళేవాళ్ళు పళ్ళు చూసే ముందు అది చిన్నప్పుడు తాగిన తొట్టి చూడండి.

మూడింటికి దూడ ఆటోలో అదే ఊళ్ళో ఉన్న రుఆబాంధా పేటకి వెళ్ళింది. అక్కడ పార్వతి స్నేహితురాలికి పాడి ఆవు ఉంది, దాని పాలు పడతారు. రక్తం రిపోర్టు ఇంకా రాలేదు గనక ఆరింటి లోకల్‌కి నేను ఒక్కడినే వచ్చేశాను. ఆవు ఎక్కడికీ వెళ్ళలేదు.