బాతుల వెనక తాతయ్య

నిన్న అమెరికాలోని అరోరాలో అమ్మ ఇంట్లో గోడమీది పాత పటం దించి తుడుస్తుంటే, వెనక ‘బాలి ద్వీపపు పల్లె’ అన్న చీటీ కనిపించింది.

చిన్నప్పుడు ఆ బొమ్మలోది అమ్మ వాళ్ల ఊరే అనుకునేదాన్ని. వేలెడు ఖాళీ లేకుండా ఆకు ఆకూ గీసిన వరిమళ్లు, నాట్లు వేసే ఆడవాళ్లు, కర్ర పట్టుకుని బాతులు తోలే ముసలాయన. “ఈయన తాతయ్యా?” అని అడిగితే అమ్మ కాసేపు చూసి, “ఆఁ, తాతయ్యే” అంది. నేను పుట్టకముందే పోయిన తాతయ్యకి రోజూ స్కూల్‌కి వెళ్తూ బై చెప్పేదాన్ని.

“అమ్మా, ఇది బాలి అంట! నీకు తెలుసా?” అన్నాను.

“గరాజ్ సేల్‌లో ఎవరో పాత సామాన్లు అమ్ముతుంటే కొన్నప్పుడే తెలుసే. మా నాన్నది ఒక్క ఫోటో కూడా లేదు. బాతుల వెనక అచ్చం ఇలాగే నడిచేవాడు.”

పటం మళ్లీ అక్కడే తగిలించాను. కారెక్కబోతూ వెనక్కి వచ్చి, తాతయ్యకి బై చెప్పాను.