గాలి లోపలికి పోయే చోటు

గత సోమవారం పొద్దున మా మామగారు కన్నుమూశారు. టీ గ్లాసు చేతికిస్తే ఎప్పటిలాగే ముందు వాసన చూసి, "పాలోడు పాలల్ల నీళ్లు కలిపిండు, అడుగు వాణ్ని" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి తల గోడకు ఆనించి ఉన్నారు. చేతిలో గ్లాసు అలాగే ఉంది. కబురు విని ఇంటికొచ్చిన పాదిరిగారు "ప్రభువు నందు నిద్రించారు" అని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ మాట మామగారే వింటే "నిద్రే అని ఎట్ల చెప్తున్నవయ్యా, నాడి చూసినవా?" అని అడిగి ఉండేవారు. అంత ఏడుపులోనూ నాకు ఆ మాటే తోచింది.

ఆయన అనుమానం మనిషి. సీతాఫల్‌మండిలో మా వీధంతా ఆ మాటే చెబుతుంది. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూసేవారు. ఉత్తరం వస్తే చదవడానికి ముందు కవరు అంటించిన చోటు చూసేవారు. చర్చిలో పాట నంబరు చెప్పాక కూడా పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూసి అదేనని తేల్చుకునేవారు. గుడివాడ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, నేను వండిన ప్రతి గిన్నె మూతా ఆయన ఎత్తి చూస్తుంటే మనసు చివుక్కుమనేది. తాను స్వయంగా కాచుకున్న చారు మూత కూడా అలాగే ఎత్తి చూస్తారని తెలిశాక ఆ బాధ పోయింది.

ముప్పై ఏళ్లు రైల్వేలో బ్రేకుల ఫిట్టరుగా చేశారు. రైలు బ్రేకు పని చేయాలంటే బండి పొడవునా ఉన్న గొట్టంలో గాలి లేకుండా లాగేసి ఉంచాలట. ఎక్కడ సందు ఉన్నా గాలి లోపలికి దూరి బండి మొరాయిస్తుందట. "బయటికొచ్చే గాలి దుమ్ము లేపుతది బిడ్డా, అందరికీ కనబడ్తది. లోపలికి పొయ్యేది కనబడదు. దాన్ని శక్ జేసే పట్టాలె" అనేవారు. శక్ అంటే ఆయన భాషలో అనుమానం. ఆ రోజుల్లో నాకిది ముసలాయన చాదస్తంగానే తోచేది.

పోలీసు యాక్షన్ అయిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మావారు డాక్టరు. బొల్లారంలో ఒక దొర వెళ్లిపోతూ అమ్మిన పాత కారు కొని, నేరేడ్‌మెట్ దాకా రోగుల్ని చూసి వచ్చేవారు. కారు నడిపేది ఇమామ్. మా దగ్గర నాలుగేళ్లుగా ఉన్నాడు. ఆ నెలల్లో ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. ఇమామ్ బావమరిది రజాకార్లతో తిరిగాడని, ఇప్పుడు ఎక్కడో దాక్కున్నాడని వీధిలో గుసగుసలు. ఇమామ్ నోరు తెరిచి ఏమీ అనేవాడు కాదు. ఆ మౌనం కూడా మాకు నేరంలాగే కనిపించింది.

సరిగ్గా అప్పుడే కారు తేడా చేయడం మొదలుపెట్టింది. పరుగులో బాగానే ఉండేది, ఆపగానే వణికి వణికి ఆగిపోయేది. బొల్లారం దారిలో కాపలా జవాన్లు ఆపినప్పుడల్లా అక్కడే చచ్చిపోయేది. మూడోసారి అలా జరిగేసరికి వాళ్లు ఇమామ్‌ని కిందికి దింపి, తుపాకీ ఎదురుగా పెట్టి గంటసేపు ప్రశ్నలడిగారు. ఆ గంటలో నేరేడ్‌మెట్‌లో కాన్పు కష్టమైన ఒక తల్లి, మావారు చేరేలోపే పోయింది. ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు. "వాడే ఏదో చేస్తున్నాడు. కావాలనే అక్కడ ఆపుతున్నాడు" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అనుమానం ఉంటే రాసిమ్మని ఠాణాలో చెప్పారట. ఆ రాత్రే ఆయన చెబుతుంటే నేను రాశాను. బావమరిది సంగతి కూడా రాశాను.

మర్నాడు మావారు ఠాణాకు బయల్దేరుతుంటే మామగారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"యాడికి?"

"ఇమామ్ సంగతి చెప్పడానికి నాన్నా. వాడిమీద అనుమానంగా ఉంది."

"నాకు సుత ఉన్నది. గని బండి మీద ఇంకా ఎక్కువున్నది. ముందుగాల దాన్ని అడుగుదాం. ఒక్క పూట ఆగు."

మా మాటలు చెవిన పడ్డాయో ఏమో, కారు షెడ్డు తాళం అంతకు ముందు రాత్రే ఆయన తన దగ్గర పెట్టుకున్నారు. ఇంజను మూతకు అడ్డంగా నల్లదారం కట్టి, తలుపు ముందే మంచం వేసుకుని పడుకున్నారు. ఆ దారం తెగలేదని మాకు చూపించి, ఇమామ్‌ని పిలిపించి వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. "దేన్నీ ముట్టకు. కూసుండి చూడు" అన్నారు.

ఇమామ్ ముఖం మాడిపోయింది. "నా మీద శక్ ఉన్నదా బడే సాబ్?"

"ఉన్నది. గా డాక్టరు మీద సుత ఉన్నది. నా మీద సుత ఉన్నది. తక్లీఫ్ అనుకోకు."

మావారు ఇంజను స్టార్ట్ చేశారు. ఎవరూ ముట్టకపోయినా అది అలాగే వణుకుతోంది. మామగారు నూనెడబ్బా ముక్కుతో ఒక్కో అతుకు మీదా చుక్కలు వేస్తూ చెవి ఒగ్గి విన్నారు. సందు ఉన్న చోట నూనె పడితే అది కాసేపు మూసుకుపోయి ఇంజను చప్పుడు మారుతుందట. కార్బురేటరు కింద వేశారు, మారలేదు. ఇంజనుకు గాలి వెళ్లే లావు గొట్టం అతుకుల దగ్గర వేశారు, మారలేదు. అరగంట గడిచింది. మావారు విసుగ్గా నా వైపు చూశారు. కాగితం ఆయన జేబులోనే ఉంది.

మామగారు నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, ఇమామ్ వైపు తిరిగారు. "రోజూ నడిపేటోనివి నువ్వు. ఇంకేమన్న తేడా చూసినవా?"

ఇమామ్ కారు అద్దం వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "వైపర్ సుస్తుగ తిరుగుతున్నది సాబ్. రెండు నెలలాయె. వానల అద్దం మీద మధ్యలనే ఆగిపోతున్నది."

"రెండు నెలల సంది చెప్పలేదేంది?"

"ఎవరడిగిన్రు సాబ్?"

ఆ కార్లలో అద్దం తుడిచే వైపరుకు కరెంటు ఉండదు. ఇంజను గాలిని పీల్చే బలంతోనే అది తిరుగుతుంది. అందుకని ఇంజను నుంచి దానికో సన్నటి రబ్బరు గొట్టం వెళుతుంది. మామగారు ఆ గొట్టాన్ని ఇంజనులోంచి బయల్దేరే చోటే రెండువేళ్లతో నొక్కి పట్టుకున్నారు. అంతే, ఇంజను వణుకు మానేసింది. వదిలితే మళ్లీ వణికింది. నొక్కితే నిలకడగా తిరిగింది.

"డాక్టరూ, నీ గొట్టం తే" అన్నారు. మావారు స్టెతస్కోపు తెచ్చి, కింది బిళ్ల పీకేసి, ఖాళీ కొసను ఆ రబ్బరు వెంబడి తానే జరుపుకుంటూ పోయారు. ఒక చోట ఆయన చెయ్యి ఆగింది. కళ్లు మూసుకుని విన్నారు. "బుస కొడుతోంది నాన్నా" అన్నారు.

ఊడదీసి చూస్తే అడుగున చీలిక. మావారు "కోశారు!" అన్నారు. మామగారు ఆ గొట్టాన్ని వంచి చూపించారు. వంచిన ప్రతిచోటా సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి. "కత్తి ఒక్క దగ్గర కోస్తది. వేడి అంతట కోస్తది. దీని పక్కకే మండే పొగ గొట్టమున్నది, చూడు."

పాడైన గొట్టం తీసేసి, ఇంజను వైపు రంధ్రానికి బిరడా బిగించి, ఇమామ్‌ని బండి బయటికి తీయమన్నారు. అతను వీధి చివరిదాకా నడిపి, బండి ఆపి, ఆగకుండా తిరుగుతున్న ఇంజను ముందు నిలబడి ముఖం అవతలికి తిప్పుకున్నాడు. భుజాలు కదలడం నేను చూశాను.

ఇమామ్ వచ్చేలోపు మామగారు కొడుకు ముందు చెయ్యి చాపారు. "కాయితం."

"రాయలేదు నాన్నా."

"జేబు చూపియ్."

కాగితం మడత విప్పి, చదవకుండానే చేతిరాత చూశారు. చాకలి పద్దు నుంచి ప్రార్థన కూటం చీటీల దాకా ఇంట్లో రాత అంతా నాదే. నేరుగా, నా వెనకే వంటింట్లోకి వచ్చి దాన్ని పొయ్యిలో పెట్టారు. అంటుకునేదాకా అక్కడే కూర్చున్నారు.

"రాసేటప్పుడు నీకు శక్ రాలేదా బిడ్డా?"

"అనుమానం ఉండబట్టేగా రాశాను మామయ్య గారూ."

"ఇమామ్ మీద కాదమ్మా. నీ మీద."

ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. మధ్యాహ్నం ఎప్పటిలాగే కూర మూత ఎత్తి చూసి, "ఉప్పు తక్కువైంది" అన్నారు. ఆ రోజు నాకు ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

తర్వాత ఇమామ్ మా దగ్గర ఐదేళ్లు పని చేశాడు. ఇప్పుడు సొంత టాక్సీ నడుపుకుంటున్నాడు. ఆ కాగితం సంగతి అతనికి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. తెలుసనే నా అనుమానం. మన హైదరాబాదు రాష్ట్రం ఉంటుందా, ఆంధ్రలో కలుస్తుందా అని వాళ్లను వీళ్లూ వీళ్లను వాళ్లూ శంకించుకుంటున్న ఈ రోజుల్లో, ఎవరి గురించైనా నోరు జారబోయి ఆగిపోతుంటాను.

మంగళవారం సమాధి కార్యక్రమానికి ఇమామ్ వచ్చాడు. ప్రార్థన అయ్యేదాకా దూరంగా నిలబడ్డాడు. అందరూ గేటు వైపు కదిలాక చెప్పులు విడిచి దగ్గరికొచ్చి, గొంతుక్కూర్చుని, వదులుగా ఉన్న మట్టిని అరచేతులతో అణచడం మొదలుపెట్టాడు. గేటు దాకా వెళ్లిన మావారు వెనక్కి వచ్చారు. కోటు కూడా విప్పకుండా అవతలి వైపు మోకాళ్లమీద కూర్చున్నారు. తల వైపు నుంచి కాళ్ల వైపు దాకా, చెరో పక్కనా, మట్టిని నెమ్మదిగా అదుముకుంటూ వచ్చారు.