క్యోటోలో వెడల్పైన వీధి

వలసొచ్చిన ఈ పరాయి దేశంలో, పారమట్టా ఆఫీసు నుంచి ఒళ్లు హూనమై గిరావీన్‌లో ఇల్లు చేరేసరికి మా అమ్మాయి హిస్టరీ అసైన్‌మెంట్‌తో కాచుకుని ఉంది. జపాన్‌లోని పాత నగరం క్యోటోలో ఒక పెద్ద వీధి కథ అది. యుద్ధకాలంలో బాంబులు పడితే మంటలు పాకకూడదని వీధి పక్క ఇళ్లు ముందుగానే పడగొట్టించారట. భయపడ్డంత పెద్ద మంటలు రానే లేదు. వెడల్పైన వీధి మాత్రం మిగిలింది.

"మరి ఇళ్లు పోయినవాళ్ల సంగతి?" అన్నాను విసుగ్గా.

"దట్స్ జస్ట్ వన్ లైన్ ఇన్ ద బుక్, డాడ్."

ఒక్క లైనట! మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మునిసిపాలిటీ వాళ్లు మా గోడ మీద ఎర్రరంగుతో గీత గీసి, ముందుగదిని సగానికి కోసేశారు. లోపలి ఆకుపచ్చ గోడ, దాని గూట్లో అమ్మ దువ్వెన బజారంతటికీ కనిపించేవి. ఆ గీత గీసినవాడి చేతులు పడిపోను అని ఏళ్ల తరబడి తిట్టుకున్నాను.

"వై ఆర్ యూ సో టైర్డ్?" అనడిగింది.

"ఆఫీసులో పని ఎక్కువైందమ్మా."

ఇక్కడ రోడ్ల ప్లాన్లు గీయడమే నా ఉద్యోగం. ఆ రోజంతా ఒక రోడ్డును వెడల్పు చేస్తూ కూర్చున్నాను. నా ఎర్రగీత ఎవరి ముందుగదిలోంచి పోతోందో ఒక్కసారైనా చూడలేదు.