విడుదల కాని పాటకు సన్నాయి

కొత్త సినిమా పోస్టరు పడిందంటే ఊరంతా హీరో జుట్టు చూస్తుంది. నేను కళ్లజోడు సవరించుకుని, అడుగున చీమల బారులా ఉండే అక్షరాల్లో సంగీతం ఎవరిదో వెతుకుతాను. హీరో ఎవరైతే నాకేమిటి? ఆయన డాన్సు నా సన్నాయిలోంచి రాదు. పాట కట్టేదెవరో తెలిస్తే మాత్రం, వచ్చే ముహూర్తాల్లో నా ఊపిరితిత్తుల గతి ఏమిటో తెలిసిపోతుంది.

మాది విజయనగరంలో తరతరాలుగా గుడిసేవ చేస్తున్న మేళం. పొద్దున్నే స్వామికి మేలుకొలుపు, ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లిళ్లు. పెద్ద సన్నాయి మా మావ. ఆయన మా అమ్మకి తమ్ముడు, నాకు గురువు. డోలు మావ కొడుకు, అంటే నాకు బావ. పక్క సన్నాయి నేను. గుడిలో ఏం వాయించాలో మావ చెప్తాడు. పెళ్లిలో ఏం వాయించాలో జనం చెప్తారు. జనం ఏం అడగబోతారో ముందే పసిగట్టడం నా పని. మంగళవారం పాట విడుదలైతే గురువారం పెళ్లికి అది సన్నాయిలో ఉండాలి. లేకపోతే పెళ్లికొచ్చిన పిల్లలు కూడా దగ్గరికొచ్చి "మీకు రాదేటి?" అని అడుగుతారు.

అందుకని సంగీత దర్శకులకి నేను వేరే పేర్లు పెట్టుకున్నాను. ఒకాయన ఊపిరాడనివ్వనాయన. ఆయన పాటలో ఎక్కడా ఆగడానికి చోటుండదు. పాడేవాళ్ల చేత ముక్కలు ముక్కలుగా పాడించి కంప్యూటర్లో అతికిస్తారట, మరి నన్నెవరు అతికిస్తారు? ఇంకొకాయన ఒక్క లైనాయన. మొదటి లైనుకే పాటంతా అయిపోతుంది, మిగిలినదంతా డప్పులే కాబట్టి బావకి పండగ, నాకు సెలవు. మూడో ఆయనంటే నాకు ప్రాణం. ఆయనకి పేరు పెట్టలేదు, 'మా ఆయన' అంటాను. "మా ఆయన పాట వస్తోంది" అని నేను సంబరపడితే మా ఆవిడ వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి వెళ్తుంది.

మా ఆయన కొత్త సినిమా ప్రకటించిన రోజు నుంచీ నాకు కాలు నిలవదు. పల్లవి ఎక్కడ ఎత్తుకుంటాడు, చరణంలో ఎక్కడికి దిగుతాడు అని ముందే ఊహించి బావకి చెప్తాను. నా జోస్యం పదిలో మూడుసార్లు నిజమవుతుంది. ఆ మూడింటి గురించే కనపడిన ప్రతివాడికీ చెప్పుకుంటాను.

ఇంత పరిజ్ఞానం ఉన్నా పెళ్లిళ్లు తగ్గిపోయాయి. డీజే పెట్టెలొచ్చాక మమ్మల్ని తాళి కట్టే వేళకి పిలిచి, అది కాగానే భోజనాలకి పొమ్మంటున్నారు. కిందటి మాఘమాసం ముందు మావ సన్నాయి తుడుచుకుంటూ చాలా మామూలుగా అన్నాడు.

"రాజాం పెళ్లొకటి ఒప్పుకున్నాం కదా. అది సరిగ్గా జరిగితే సూద్దాం. లేదంటే ఇంక పెళ్లిళ్లొద్దురా. గుడి ఉన్నాది, సాలు."

గుడిలో నేను మావ వెనక శ్రుతి పట్టేవాణ్ణి, అంతే. పెళ్లిళ్లలోనే నాకు గొంతు ఉంది. అదీ పోతే నేనేమిటి?

రాజాం పెళ్లికూతురు ధాన్యం వ్యాపారి కూతురు. తండ్రి డీజే అన్నాడు, ఆ అమ్మాయి సన్నాయే కావాలంది. ఒక్క షరతు పెట్టింది. తను గంపలో మండపానికి వచ్చేటప్పుడు మా ఆయన కొత్త సినిమా మొదటి పాట వాయించాలి. ఆ పాట పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రం ఆరింటికి విడుదల. అప్పటికి బయటికొచ్చింది ఇరవై సెకన్ల ప్రోమో మాత్రమే.

"రెండు రోజులు బోలెడమ్మా," అన్నాను ఫోన్లో, పాట నేనే విడుదల చేస్తున్నంత ధీమాగా.

సినిమావాళ్ల తేదీ నమ్మి పెళ్లి ఒప్పుకున్నవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. ఆ సాయంత్రం ఆరింటికి పాట రాలేదు. ఆరూ పదికి ఒక బొమ్మ వచ్చింది. అనివార్య కారణాల వల్ల వాయిదా, కొత్త తేదీ త్వరలో, కింద రెండు చేతులు జోడించిన గుర్తు. ఆ చేతుల్ని చూసి బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీ ఆయన మొహం సాటేసేడ్రా."

నాకు నవ్వు రాలేదు. ఇరవై సెకన్ల ముక్క పట్టుకుని మేడ మీద కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ఆయన్ని చదువుతున్నాను కదా, మిగతా పాట నేనే పసిగడతాను అనుకున్నాను. ఇక్కడ పైకి వెళ్తాడు, ఇక్కడ ఆగుతాడు, ఇక్కడి నుంచి చరణంలోకి జారతాడు. మర్నాటి మధ్యాహ్నానికి పల్లవీ, రెండు చరణాలూ తయారయ్యాయి. బావకి నిజం చెప్పాను. మావకి చెప్పలేదు. పాట వచ్చేసిందని చెప్పి వాయించి వినిపించాను.

మావ కళ్లు మూసుకుని విన్నాడు. సినిమా పాట వింటే మధ్యలో లేచి నీళ్లు తాగడానికి వెళ్లే మనిషి, కదల్లేదు.

"ఈడెవడోగానీ సన్నాయి తెలిసినోడురా. ఊపిరి తీసుకోడానికి ఎక్కడ సోటియ్యాలో అక్కడ ఇచ్చేడు," అన్నాడు.

బావ డోలు తాళ్లు బిగిస్తున్నట్టు నటిస్తూ తల వంచుకున్నాడు. నాకు సంతోషంతో ఒళ్లు పులకరించింది, ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై అయిదేళ్ల శిష్యరికంలో మావ నా గురించి అన్న మొదటి మంచిమాట, అదీ నా గురించి అని ఆయనకి తెలియదు.

పెళ్లిరోజు పొద్దున్నే వ్యానెక్కాం. చీపురుపల్లి దాటాక టీ కోసం ఆగినప్పుడు మావ ఆ పాటే కూనిరాగం తీస్తున్నాడు. ఇంక ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. మావ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఎల్లి ఆ పిల్లకి సెప్పు. ఆ పాట కాదని తెలిసి కూడా అదేనని నాను వాయించను. ఆ పిల్ల వద్దంటే తిరిగొచ్చీద్దాం."

"తిరిగొచ్చీస్తే మరింక పెళ్లిళ్లు..."

"లేవు," అన్నాడు మావ, వ్యానెక్కుతూ.

రాజాంలో కల్యాణమండపం వెనక గదిలో పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నారు. గుమ్మం దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటూ చెప్పాను. పాట రాలేదమ్మా, నేను ఊహించి కట్టిందొకటి ఉంది, నువ్వు వద్దంటే వెళ్లిపోతాం. జడ వేయించుకుంటూ ఆ అమ్మాయి అద్దంలోంచే నన్ను చూసింది.

"పాట రాలేదని నాకు మొన్న ఆరూ పదికే తెలుసన్నా. మీరేటి సేస్తారో సూద్దామని ఊరుకున్నాను."

నాకంటే పెద్ద పిచ్చి ఉన్న మనిషి దగ్గర నేను నిజం దాచబోయానన్నమాట.

"అయితే అది మీరు కట్టిందా? యూట్యూబులో ఎక్కడా లేదా?"

"ఆ ప్రోమో ముక్క తప్ప ఎక్కడా లేదమ్మా."

"ఎవరి పెళ్లిలోనూ వాయించలేదా?"

"లేదు."

ఆ అమ్మాయి అద్దం వదిలి నా వైపు తిరిగింది. "మరింకేటి. అదే వాయించండి. కానీ ఇంకెవరి పెళ్లికీ వాయించకూడదు. అది నాది."

ఆ షరతు మావకీ చెప్పాను. గంప ఎత్తింది ఆ అమ్మాయి మేనమామ. మంచి పిండివంటలు తినే మనిషిలా ఉన్నాడు, పదడుగులకొకసారి గంప దించి ఆయాసం తీర్చుకున్నాడు. ఆయన దించినప్పుడల్లా మావ పల్లవి మళ్లీ అందుకున్నాడు. నేను చెప్పినచోటే ఎత్తుకున్నాడు, నేను దిగినచోటే దిగాడు. రెండో చరణంలో నాకు కళ్లలో నీళ్లు తిరిగి వేళ్లు తడబడితే, నా పాట నాకంటే బాగా వాయించి గట్టెక్కించాడు. గంపలోంచి ఆ అమ్మాయి నా వైపు చూసి తల ఊపింది. వాళ్ల నాన్న వచ్చి డీజే వాణ్ణి కాసేపు ఆగమన్నాడు.

తిరుగు ప్రయాణంలో మావ, ఫాల్గుణంలో రెండు పెళ్లిళ్లు కుదిరాయని చెప్పి, బావని తేదీలు రాసుకోమన్నాడు. అంతటితో నా గుండె కుదుటపడింది.

పదిహేను రోజులకి అసలు పాట వచ్చింది. నేను పైకి వెళ్తాడనుకున్నచోట మా ఆయన కిందికి దిగాడు. ఆగుతాడనుకున్నచోట డప్పులు పెట్టాడు. రెండో చరణమే లేదు. నా జోస్యం ఒక్క ముక్క కూడా నిజం కాలేదు, దాని గురించి నేను ఎవరికీ చెప్పుకోలేదు. మావ నా ఫోన్లో ఆ పాట చివరిదాకా విని, "ఇందులో ఊపిరి తీసుకోడానికి సోటు లేదు," అని ఫోను నా చేతికిచ్చాడు.

ఆ తర్వాత ఒకరోజు బొబ్బిలి నుంచి పెళ్లివారు మా ఇంటికొచ్చారు. వైశాఖంలో పెళ్లి. రాజాంలో గంప వచ్చినప్పుడు వాయించిన పాట ఎవరో ఫోన్లో తీశారట, అది వాళ్లకి కావాలి. నా ఛాతీ ఉబ్బిపోయింది. ఇంకోసారి, ఇంకో ఊళ్లో నా పాట.

"అది ఇచ్చీసేం బాబూ. ఆ పిల్లది," అన్నాడు మావ.

నాకు నిజంగా బాధేసింది. జీవితంలో ఒక్క పాట కట్టాను, అది ఒక్కసారి మోగి అయిపోయింది. పెళ్లివారు మొహాలు చూసుకుని లేవబోతున్నారు.

"కూసోండి. మీ పెళ్లికి మీదే అయిన పాట ఇంకోటి వస్తాది," అని వాళ్లకి చెప్పి మావ నా వైపు తిరిగాడు. అంత నెమ్మదిగా ఆయన నన్నెప్పుడూ ఏదీ అడగలేదు.

"ఎప్పటికి వస్తాదిరా, నీ పాట?"

పెళ్లివారు, బావ, గుమ్మంలో మా ఆవిడ, అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఇన్నేళ్లూ ఎవరెవరి పాటలకో తేదీలు చెప్పినవాణ్ణి, నా పాటకి తేదీ అడిగేసరికి సన్నాయి తీసుకుని మేడ మెట్లెక్కాను.