గజేందర్ చూసిన కాలేజీ

గజేందర్ పదో తరగతి తప్పాడు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచడు. దాచకపోగా, కూతురి చదువు మాట వచ్చినప్పుడల్లా ముందు ఆ ముక్కే చెప్పి, తర్వాత ఫోన్ బయటికి తీస్తాడు. ఈ వేసవంతా ఆ ఫోన్‌లో పదకొండు ఇంజినీరింగ్ కాలేజీల వెబ్‌సైట్లు తెరిచే ఉన్నాయి.

అతనిది మెట్‌పల్లి పక్క ఊరు. దోహాకు వచ్చి పద్నాలుగేళ్ళు. పెద్ద భవనాలకు బయటివైపు అద్దాలు బిగించే పని. మెసైమీర్‌లో కంపెనీ ఇచ్చిన గదిలో మరో ఐదుగురితో ఉంటాడు. నేను అదే కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే గుమాస్తాను, పేరు సుబ్బారావు, మాది తణుకు. నన్ను సార్ అంటాడు, వద్దన్నా వినడు. వెబ్‌సైట్లు చూడమని అతనికి చెప్పింది నేనే. మనుషుల మాటలు పట్టించుకోవద్దు గజేందర్, కాలేజీ వాళ్ళు స్వయంగా రాసి పెట్టింది చదువు, అంతా అందులోనే ఉంటుంది అన్నాను. ఎంత తెలివైన సలహా ఇచ్చానో అని అప్పుడు నాకే ముచ్చటేసింది. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

అతను మాత్రం ఆ సలహాను అక్షరాలా పాటించాడు. శుక్రవారం సెలవు రోజున గదిలో మిగతావాళ్ళు బట్టలు ఉతుక్కుంటుంటే, ఇతను మంచం మీద కూర్చుని ఒక్కో కాలేజీని బిగించబోయే అద్దాన్ని చూసినట్టు అంచులతో సహా చూసేవాడు. ఏ శాఖలో ఎంతమంది లెక్చరర్లు, కిందటేడు చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చింది, హాస్టల్ ఎంత దూరం, బస్సు ఏ ఊళ్ళ మీదుగా వెళ్తుంది, అన్నీ నోట్‌బుక్కులో రాసుకునేవాడు. ఇంగ్లీషు అర్థం కాని చోట ఆ వాక్యాన్ని ఫోన్‌లోనే తెలుగు చేయించుకునేవాడు. ఒక కాలేజీ పేజీలో కింద మూలన మాట్లాడే డబ్బా ఒకటి ఉండేది. ఏ వేళప్పుడు ప్రశ్న పెట్టినా క్షణంలో జవాబు వచ్చేది. అక్కడ పాపం ఎవరో పిల్లాడు నిద్ర లేకుండా కూర్చుంటున్నాడని గజేందర్ అతని మీద జాలిపడ్డాడు. అది మనిషి కాదు, మిషను అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

కూతురు రాణికి మంచి ర్యాంకే వచ్చింది. పదకొండు కాలేజీల్లోంచి వడకట్టగా రెండు మిగిలాయి. ఒకటి ప్రభుత్వ కాలేజీ. దాని వెబ్‌సైట్ చూస్తే నీరసం వచ్చేది. ఎర్ర అక్షరాలు మెరుస్తూ అటూ ఇటూ పరుగెత్తేవి, పైన రెండేళ్ళ కిందటి పరీక్ష నోటీసు, ఫోటోలు తెరుచుకునేవి కావు. రెండోది కరీంనగర్ వైపు ఒక ప్రైవేటు కాలేజీ. అది తెరవగానే నీలి అద్దాల ఏడంతస్తుల భవనం. దాన్ని చూసిన మొదటి రోజే గజేందర్ మనసు పారేసుకున్నాడు. ఎందుకో తెలియదు సార్, నా ఇల్లు జూసినట్టే ఉంది అన్నాడు.

అయినా ఫోటోను చూసి మోసపోయే రకం కాదు. ఊళ్ళో ఉన్న నర్సింగ్‌కు ఫోన్ చేసి, వెళ్ళి చూసి రమ్మన్నాడు. నర్సింగ్ అతని దోస్తు. ఇద్దరూ పదేళ్ళు ఇక్కడ ఒకే గదిలో పడుకుని, ఒకే తాడుకు వేలాడి పనిచేశారు. నాలుగేళ్ళ కింద నర్సింగ్ ఇంటికి వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత అతను, లోపలికి పోయి అంతా తిరిగి చూశానని, వెబ్‌సైట్‌లో ఉన్నది ఉన్నట్టే ఉందని చెప్పాడు. రాణి ఆ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టింది. మొదటి విడతలోనే సీటు వచ్చింది. వెళ్ళి సర్టిఫికెట్లు ఇచ్చి వచ్చింది.

ఇక గజేందర్‌ను పట్టడం ఎవరి తరం కాలేదు. పక్క గదుల వాళ్ళు తమ పిల్లల కోసం అతని దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నిజామాబాద్ జహాంగీర్ అతనికి కాలేజీ గజేందర్ అని పేరు పెట్టాడు. డ్యూటీకి వెళ్ళే బస్సులో కూడా అదే పాఠం చెప్పేవాడు. ఎవడి మాటా వినొద్దు, వెబ్‌సైట్ చూడు. నా మాట నాకే వినిపించేది.

ఆగస్టులో ఒక శుక్రవారం, మిగిలిన పని చూసుకుంటూ నేను ఆఫీసులో ఉంటే వచ్చాడు. మంచం పక్కన గోడకు అంటించుకోవడానికి ఆ కాలేజీ ఫోటో పెద్ద కాగితం మీద కావాలన్నాడు. సెలవు రోజు ప్రింటరు దగ్గర ఎవరూ లేరు కదా అని నేనూ సరేనన్నాను. కాగితం బయటికి వచ్చింది. చేతిలోకి తీసుకుని నవ్వుతూ చూశాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి ఐదో అంతస్తు మీద వేలు ఉంచాడు.

"సార్, గీ రెండు అద్దాలు జూడుండ్రి. కొంచెం పచ్చగ లేవా?"

ఉన్నాయి. మిగతావన్నీ నీలం, ఆ రెండు మాత్రం కాస్త పచ్చ. ఐదేళ్ళ కింద ఇక్కడే, దోహా పక్క లుసైల్‌లో ఒక ఆఫీసు భవనానికి పని చేసేటప్పుడు క్రేన్ తగిలి రెండు అద్దాలు పగిలాయట. కొత్తగా వచ్చినవి రంగు కలవలేదు. వేరే దారి లేక వాటినే బిగించిన మనిషి గజేందర్. ఇప్పటికీ బస్సు ఆ దారిన వెళ్తే తల ఎత్తి చూసి విసుక్కుంటాడు. ఫోటోలో ఉన్నది ఆ భవనమే, గుమ్మం మీద మాత్రం కాలేజీ పేరు అతికించారు. ఇల్లు చూసినట్టు ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. తన చేతిపనినే ఫోన్‌లో చూసుకుని మురిసిపోయాడు. పగిలిన ఫోన్ తెర మీద బొటనవేలంత బొమ్మలో ఆ రెండు అద్దాలు ఎవరికి కనిపిస్తాయి?

పని అయిపోయిన రోజు రోడ్డు అవతల నిలబడి ఆ ఫోటో తీసింది నర్సింగేనని చెప్పి, ఇమో యాప్‌లో అతనికి కాల్ చేసి స్పీకర్ పెట్టాడు. నర్సింగ్ కాసేపు వేరే బిల్డింగు అన్నాడు, కాసేపు అన్ని కాలేజీలూ అలాగే పెడతాయన్నాడు. చివరికి, మంచి భవనం ఫోటో ఉంటే ఇవ్వమని వాళ్ళే అడిగారని ఒప్పుకున్నాడు. రెండేళ్ళుగా ఆ కాలేజీకి పిల్లల్ని చేర్పించే పని అతనిదే.

"లోపలికి పోయి సూసిన అంటివి గదరా," అన్నాడు గజేందర్.

"పోయిన అన్నా. ఆఫీసు రూముల కూసుంట గద రోజూ."

గజేందర్ ఫోన్ పెట్టేశాడు. తిట్టలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది, ఆ నర్సింగ్ ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో. గజేందర్ మాత్రం నోట్‌బుక్కు తీసి ప్రభుత్వ కాలేజీ పేజీ వెతికాడు. కౌన్సెలింగ్‌లో ఇంకా చివరి విడత ఉందని, అందులో కొత్తగా ఆప్షన్లు పెట్టుకోవచ్చని, రాణి ర్యాంకుకు అక్కడ సీటు వచ్చి తీరుతుందని నాకు గబగబా వివరించాడు. ఆ మెరిసే అక్షరాలు చూసి దాన్ని కొట్టేసినందుకు తనను తాను తిట్టుకున్నాడు. ఆ వెంటనే రాణికీ స్పీకర్‌లోనే కాల్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"నాకెరుకే బాపూ," అంది రాణి. "సర్టిఫికెట్లు ఇయ్యనీకె పోయిన నాడే సూసిన."

ఆ రోజు ఆమె చూసింది పాత ఫంక్షన్ హాలు, పక్కన రేకుల షెడ్డు, వెనక రెండంతస్తుల బిల్డింగు. నర్సింగ్ గేటు దగ్గరే ఉండి, బాపుకు చెప్పి బాధపెట్టకమ్మా, మొదటి సంవత్సరం అన్నిచోట్లా ఒకటే అన్నాడట. చివరి విడత ఎప్పటిదాకా ఉందో చూడమని గజేందర్ తొందరపెట్టాడు.

"మొన్ననే అయిపోయింది బాపూ. నువ్వు రోజూ ఆ బిల్డింగు ముచ్చటే జెప్తుంటివి. బస్సుల అందరికీ సూపెడ్తున్న అంటివి. నీ మొఖం జూసి చెప్పబుద్ధి గాలె."

అతను నా వైపు చూశాడు. రోజూ సాయంత్రం తండ్రీకూతుళ్ళు ఫోన్‌లో మాట్లాడుకునేవారని నాకు తెలుసు. కాలేజీ ఎలా ఉందో అతను అడిగేవాడు, ఆమె చెప్పేది.

"మూడో అంతస్తుల లైబ్రరీ పెద్దగ ఉంది అంటివి గద బిడ్డా."

"మూడో అంతస్తే లేదు బాపూ."

ఆమె ఏడవడం వినిపించింది. అతను ఓదార్చలేదు. అమ్మకు ఇప్పుడే చెప్పొద్దని మాత్రం చెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ పెద్ద కాగితం నా బల్ల మీదే ఉంది. తీసుకెళ్ళమని నేను అనలేదు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"నర్సింగ్ అంటే బయటోడు సార్, ముంచితే ముంచిండు. నా బిడ్డ రోజూ నాకు అబద్ధం జెప్పింది. నేను రోజూ నవ్వుకుంట ఇన్న."